పే స్లిప్పు లేని కిరాయిదారు

హైదరాబాదులో ఇల్లు వెతుక్కునే మనిషిని ఇంటాయన వేసే మొదటి ప్రశ్న ఒకప్పుడు "మీరేమిటోళ్ళు?" అని ఉండేది. అది పూర్తిగా పోలేదు గానీ రెండో స్థానానికి జరిగింది. మొదటి స్థానంలో "ఎక్కడ చేస్తారు?" అన్నది వచ్చి కూచుంది. గమనించండి, ఏం చేస్తారని కాదు, ఎక్కడ చేస్తారని. మనం చేసే పనితో ఆయనకి నిమిత్తం లేదు. పని చేసేచోటికి ఒక గేటూ, గేటు మీద ఒక పేరూ, మన మెళ్ళో ఒక బిళ్ళా ఉన్నాయా లేవా అన్నదే ఆయనకి కావాలి.

ఈ ప్రశ్నకి నా దగ్గర పొట్టి జవాబు లేదు. నేను ఆఫీసులకీ, పుస్తకాలు వేసేవాళ్ళకీ అనువాదాలు చేస్తాను, ప్రూఫులు దిద్దుతాను. పేజీకింత అని కాంట్రాక్టు. కూచునేది ఇంట్లోనే. ఈ మాట చెప్పగానే అవతలి మొహంలో ముందు జాలి, దాని వెనకాలే భయం కనబడతాయి. "అంటే ప్రస్తుతానికి ఖాళీగా ఉన్నారన్నమాట" అన్నాడు విద్యానగర్‌లో ఒకాయన, ఎంతో మర్యాదగా. నల్లకుంటలో ఒక పెద్దావిడ మాత్రం సూటిగానే అడిగింది: "నెల జీతం లేకుంటే నెల నెలా కిరాయి ఎట్ల కడ్తవ్ బిడ్డా?"

ఆవిడ ప్రశ్న నాకు నచ్చింది. అందులో దాపరికం లేదు. భర్త పోయాడు. పైవాటా కిరాయే ఆవిడకి పింఛను. మందులకీ, కరెంటు బిల్లుకీ అదే ఆధారం. ఒక నెల డబ్బు రాకపోతే ఆవిడ ఎవర్ని అడుగుతుంది? కోర్టుకి పోతే ఇల్లు ఖాళీ చేయించడానికి ఏళ్ళు పడుతుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. అందుచేత ఇంటివాళ్ళందరూ హిరణ్యకశిపులూ, కిరాయిదార్లందరూ ప్రహ్లాదులూ అని రాయడం నా ఉద్దేశం కాదు. అలాంటి వ్యాసాలు మన సావనీర్లలో ఇదివరకే బోలెడు వచ్చాయి.

ఆవిడ భయం న్యాయమైందే. కాకపోతే ఆ భయానికి వాడుతున్న మందు వేరే రోగానిది. పే స్లిప్పు ఏం చెబుతుంది? పోయిన నెల జీతం వచ్చిందని చెబుతుంది. వచ్చే నెల వస్తుందని చెప్పదు. 2020 మార్చి లాక్‌డౌన్ తర్వాత నెల జీతగాళ్ళలో ఎంతమందికి కోతలు పడ్డాయో, 2022 చివరి నుంచి పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలే వేలమందిని ఎలా సాగనంపాయో మనందరం చూసిందే. జీతగాడికి డబ్బు వచ్చే దారి ఒక్కటే. అది మూసుకుంటే ఆ నెలకి అంతా మూసుకున్నట్టే. నాకు అయిదారు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి ఆగినా మిగతావి నడుస్తాయి.

అలాగని నా పరిస్థితి బంగారమని చెబితే అది కోత అవుతుంది. కాంట్రాక్టు మనిషికి ఉన్న అసలు ఇబ్బంది డబ్బు చాలకపోవడం కాదు, వేళకి రాకపోవడం. చిన్న సంస్థలకీ, చిన్న పనివాళ్ళకీ 45 రోజుల్లోపు చెల్లించాలని 2006లో చేసిన సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టంలో ఉంది. అందులో పేరు నమోదు చేయించుకుని, ఆ సెక్షను చూపించి డబ్బు అడిగినవాడికి రెండో పని ఎవరిస్తారు? కాబట్టి అడగం. బిల్లు పంపించి రెండు నెలలు, ఒక్కోసారి మూడు నెలలు ఎదురుచూస్తాం. ఏడాది మొత్తమ్మీద లెక్క వేస్తే కిరాయికి సరిపోయే సంపాదనే. అది వచ్చే పద్ధతికీ, కిరాయి కట్టాల్సిన పద్ధతికీ పొంతన లేదు, అంతే.

అందుకే నల్లకుంట ఆవిడతో ఒక మాట చెప్పాను: "అమ్మా, నెల నెలా వద్దు. మూడు నెలల కిరాయి ఒక్కసారి ముందే కడతాను. అది అయిపోకముందే మళ్ళీ మూడు నెలలది ఇస్తాను. నా డబ్బే ఎప్పుడూ మీ దగ్గర ఉంటుంది." ఆవిడకి ఒప్పుకోవాలనే అనిపించింది. "కొడుకునడిగి చెప్త" అంది. కొడుకు అమెరికాలో ఉన్నాడు. ఆ రాత్రి ఫోన్లో మాట్లాడుకున్నారు. మర్నాడు ఆవిడ చిన్నబోయిన మొహంతో చెప్పింది: "కంపెనీ లెటర్ ఉంటేనే ఇయ్యమన్నడు." ఆ అబ్బాయి అక్కడ ఉంటున్నది హెచ్-1బి వీసా మీద. అది మొదట ఇచ్చేది మూడేళ్ళకే. ఉద్యోగం పోతే 60 రోజుల్లో మరోటి చూసుకోవాలి, లేదా పెట్టే సర్దుకోవాలి. స్థిరత్వాన్ని గురించి ఆయన అంత గట్టిగా ఎలా చెప్పగలిగాడో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

బ్రోకర్లది వేరే విద్య. ఒకతను నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని రామంతాపూర్ అంతా తిప్పి, చివరికి విసిగిపోయి హితవు చెప్పాడు: "సార్, అనువాదం గినువాదం అనకుర్రి. సాఫ్ట్‌వేర్, వర్క్ ఫ్రమ్ హోమ్ అనుర్రి, అయిపోతది." అతనన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. అదే గది, అదే కుర్చీ, అదే కంప్యూటరు. వెనకాల ఇంకొకరి పేరుంటే అది వర్క్ ఫ్రమ్ హోమ్. లేకపోతే ఖాళీగా ఉండటం. అలా చెప్పి ఇల్లు సంపాదించినవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళని నేను తప్పుపట్టను. కానీ ఆ అబద్ధం అక్కడితో ఆగదు. అది అగ్రిమెంటులోకి ఎక్కుతుంది. "ఏ కంపెనీ బాబూ, మావాడికి కూడా ఏమైనా చూస్తావా" అని మెట్ల మీద కనబడినప్పుడల్లా ఇంటాయన అడుగుతాడు. నెల నెలా కిరాయితోపాటు అబద్ధం కూడా కట్టుకుంటూ పోవాలి.

ఇక ఆ అగ్రిమెంటు సంగతి. అది పదకొండు నెలలకే ఎందుకుంటుందో మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. ఏడాదికి మించిన కిరాయి పత్రాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ ఆ తిరుగుడూ తప్పించుకోవడానికి ఒక నెల తగ్గించి రాసుకుంటారు. నెల జీతగాడికి ఈ పదకొండు నెలలూ ఒక లాంఛనం, అయిపోగానే కొంత కిరాయి పెంచి మళ్ళీ రాస్తారు. కాంట్రాక్టు మనిషికి మాత్రం అది ఏటేటా రాసే పరీక్ష. అతని పని కాయితమూ ఏడాది లోపుదే, ఇంటి కాయితమూ ఏడాది లోపుదే. రెండూ ఒకే వేసవిలో ముగిసిన సందర్భాలు నా స్నేహితుల్లో ఉన్నాయి. పీరియడ్‌కింత అని పాఠం చెప్పే గెస్టు లెక్చరర్లకి వేసవి అంటే ఏమిటో ఈ సంచిక చదివే అధ్యాపకులకి నేను చెప్పనక్కర్లేదు.

చట్టాలు ఏమీ చెయ్యలేదని కాదు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఒక నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. నివాసానికి రెండు నెలల కిరాయికి మించి డిపాజిట్ అడగకూడదనీ, ఒప్పందం రాతపూర్వకంగా ఉండి తీరాలనీ, గొడవ వచ్చిందని నీళ్ళూ కరెంటూ కట్ చెయ్యకూడదనీ అందులో ఉంది. గడువు దాటి ఖాళీ చెయ్యని కిరాయిదారు మొదటి రెండు నెలలూ రెట్టింపు, ఆపైన నాలుగింతలు కట్టాలని కూడా ఉంది. రెండు పక్షాలకీ న్యాయంగానే ఉందని నా అభిప్రాయం. కానీ అది నమూనా మాత్రమే. అమలు చెయ్యాల్సింది రాష్ట్రాలు. పైగా అది తలుపు లోపలికి వచ్చినవాడి గురించి మాట్లాడుతుంది. గేటు దగ్గరే వెనక్కి పంపించినవాడి జోలికి పోదు.

పన్నుల వాళ్ళు కూడా ఈ తేడాని తమ పద్ధతిలో పాటించారు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం కింద జీతగాడి ఇంటి అద్దె భత్యానికి అతని జీతాన్నిబట్టి మినహాయింపు ఉండేది. ఆ భత్యం లేనివాడికీ, సొంతంగా బతికేవాడికీ వేరే సెక్షను పెట్టి నెలకి 2,000 రూపాయల హద్దు గీశారు. 2016 బడ్జెట్‌లో దాన్ని 5,000 చేశారు. అయిదు వేలకి ఈ ఊళ్ళో ఏ వాటా వస్తుందో ఆ హద్దు గీసినవాళ్ళే చూపించాలి. అదే చట్టం కింద జీతగాడికి ఫారం 16, నాకు ఫారం 16ఏ. ఫ్లాట్ల సంఘాల దగ్గర 16 ఉన్నవాడికి తాళంచెవి, 16ఏ ఉన్నవాడికి ఒక నమస్కారం.

ఇదంతా ఒక అనువాదకుడి సొద అని విద్యార్థి మిత్రులు పేజీ తిప్పెయ్యకండి. యాప్‌ల కింద, పనికింత అని చేసే గిగ్ పనివాళ్ళు 2020-21లో దేశంలో 77 లక్షలమంది ఉన్నారనీ, 2029-30 నాటికి 2.35 కోట్లవుతారనీ నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. 2020 సామాజిక భద్రతా స్మృతిలో తొలిసారిగా ఈ పనివాళ్ళకి చట్టంలో ఒక పేరు దొరికింది. పేరు దొరికింది గానీ ఇల్లు దొరకలేదు. డిగ్రీ పట్టా పుచ్చుకుని బయటికి వెళ్ళే మీలో ఎంతమంది బిళ్ళ వేసుకునే ఉద్యోగాల్లో చేరతారో, ఎంతమంది పనికింత అని బతుకుతారో మీ సీనియర్లని అడిగి చూడండి.

నేను కోరేది పెద్దదేమీ కాదు. మన పూర్వ విద్యార్థుల్లో హబ్సిగూడ, ఉప్పల్, రామంతాపూర్‌లలో మేడలు కట్టుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ పేర్లు విద్యార్థి సంఘం ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. పైవాటా ఖాళీ అయినప్పుడు టులెట్ బోర్డు కట్టకముందే వాళ్ళు సంఘానికి ఒక కబురు చెయ్యాలి. కిరాయికి వచ్చేవాడి దగ్గర పే స్లిప్పు బదులు మూడేళ్ళ పన్ను రిటర్నులూ, పన్నెండు నెలల బ్యాంకు లెక్కా చూడాలి. మూడు నెలల కిరాయి ముందే పుచ్చుకునే షరతు అగ్రిమెంటులో రాసుకోవచ్చు. ఇంటివాళ్ళ భయానికి అది కంపెనీ లెటరు కన్నా గట్టి మందు. ఫలానా మనిషి మా కళాశాలలో చదివాడు, మాకు తెలిసినవాడు అని పూర్వ విద్యార్థుల సంఘం ఒక కాయితం ఇవ్వాలి. పూచీ పడనక్కర్లేదు, తెలుసని చెబితే చాలు. స్కూళ్ళు తెరిచే జూన్‌కి ముందే ఊళ్ళో ఇళ్ళు మారేవాళ్ళు ఎక్కువ. జనవరిలో పేర్లు రాయడం మొదలుపెడితే అప్పటికి పుస్తకం తయారవుతుంది.