పేరులో లెక్క ఎప్పుడు కావాలి?

పిల్లలూ! నంద్యాలలో బస్సెక్కి "ఒక ఆళ్లగడ్డ" అని డబ్బులివ్వండి. కండక్టరు మారుమాట లేకుండా టిక్కెట్టు కొట్టి చేతిలో పెడతాడు. అదే "ఒక కొత్తపల్లె" అన్నారనుకోండి, "ఏ కొత్తపల్లె?" అని అడుగుతాడు. ఎందుకంటే ఆ దారిన వెళ్లే ఆళ్లగడ్డ ఒక్కటే. కొత్తపల్లెలు మన సీమలో చాలా ఉన్నాయి. అందువల్ల రెండో పేరుకు మరో మాట చేర్చి చెప్పాలి. మొదటిదానికి ఆ అవసరం లేదు.

రసాయన పదార్థాల పేర్లూ ఇంతే. ఈ చిన్న సంగతి చెప్పకుండా సూత్రాలు మాత్రం బట్టీ పట్టించడం వల్లనే మీలో చాలామందికి ఆ పాఠం కొరుకుడు పడటం లేదని నా అభిప్రాయం.

పరీక్షలో ఒకరు "కాల్షియం డైక్లోరైడ్" అని రాస్తారు. దానిమీద ఎర్రసిరా గీత పడుతుంది. "కార్బన్ డైఆక్సైడ్‌లో డై ఉంది గదా, ఇక్కడెందుకు తప్పు?" అని అడిగితే, "అది సమయోజనీయ సమ్మేళనం, ఇది అయానిక సమ్మేళనం, నియమం అంతే" అని జవాబు వస్తుంది. ఆ జవాబు తప్పు కాదు, కాని సగమే. మిగతా సగం నంద్యాల జిల్లా రాళ్లలోనే దొరుకుతుంది.

కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు సున్నపురాయిలో ఏర్పడినవి. సున్నపురాయిలో ముఖ్యంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. దాన్ని బట్టీలో బాగా కాలిస్తే రెండు పదార్థాలుగా విడిపోతుంది. బట్టీలో మిగిలే పొడిసున్నం కాల్షియం ఆక్సైడ్. గాలిలో కలిసేది కార్బన్ డైఆక్సైడ్. ఒకే రాయి నుంచి వచ్చినా ఒక పేరులో లెక్క లేదు, రెండో పేరులో ఉంది!

కాల్షియం తన సమ్మేళనాలలో రెండు ధనావేశాలు గల అయానుగా ఉంటుంది. ఆక్సైడ్ అయానుకు రెండు రుణావేశాలు. ఒకటికి ఒకటి సరిపోతుంది. క్లోరైడ్ అయానుకు ఒక్క రుణావేశమే కనుక ఒక కాల్షియంకు రెండు క్లోరైడ్‌లు కావాలి. ఈ లెక్క మరో విధంగా కుదరదు. ఆళ్లగడ్డ లాగే కాల్షియం క్లోరైడూ ఒక్కటే. ఇక "డై" దేనికి?

కార్బన్ సంగతి వేరు. కార్బన్, ఆక్సిజన్ పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుని అణువులవుతాయి. ఒక కార్బన్‌తో ఒక ఆక్సిజన్ కలిసినా అణువే, రెండు కలిసినా అణువే. కాబట్టి వట్టి "కార్బన్ ఆక్సైడ్" అంటే "ఏ ఆక్సైడ్?" అని అడగవలసిందే. ఇది మార్కుల విషయం మాత్రమే కాదు. డైఆక్సైడ్ సోడాలో బుసబుస పొంగుతుంది. తలుపులన్నీ మూసిన గదిలో బొగ్గుల కుంపటి రాజేస్తే పుట్టే మోనాక్సైడ్ రక్తంలోని హీమోగ్లోబిన్‌ను పట్టుకుని ప్రాణం తీయగలదు. దానికి రంగూ వాసనా లేవు.

లోహాలలోనూ కొత్తపల్లెలున్నాయి. ఇనుము అయానుకు రెండు ధనావేశాలైనా ఉండవచ్చు, మూడైనా ఉండవచ్చు. అందుకే పూర్వం ఫెర్రస్, ఫెర్రిక్ అని వేరు చేశారు. 1919లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ స్టాక్ సూచించిన పద్ధతిని అనుసరించి ఇప్పుడు లోహం పేరు పక్కన రోమన్ అంకె వేస్తున్నాం. టార్చిలైటు బ్యాటరీలలో వాడే మాంగనీస్ డైఆక్సైడ్‌ను చూడండి. మాంగనీస్ లోహమే అయినా "డై" వచ్చి చేరింది. మాంగనీస్‌కు ఆక్సైడ్‌లు అనేకం కనుక వాడుక పేరులో ఆ లెక్కే సందేహం తీరుస్తోంది. అయానికమా, సమయోజనీయమా అన్న నియమం వెనుక ఉన్న అసలు కారణం ఇదే.

నీరు, అమోనియా వంటి పాత పేర్లు ఏ నియమానికీ లొంగవు, నిజమే. అవి ఇంట్లో పిలుచుకునే ముద్దుపేర్ల వంటివి. వాటిని అలాగే గుర్తుంచుకోండి.

ఉపాధ్యాయులకు నాదొక విన్నపం. "కాల్షియం డైక్లోరైడ్" అని రాసిన విద్యార్థి ఫార్ములాలోని లెక్కను సరిగ్గానే చూశాడు. ఆ లెక్క పేరులో ఎందుకు అక్కరలేదో ఒక్క మాట చెప్పండి.

పిల్లలూ, పేరు రాసేముందు మీరే కండక్టరై "ఏ ఆక్సైడ్? ఏ క్లోరైడ్?" అని అడగండి. ఆ ప్రశ్నకు చోటుంటే లెక్క చెప్పండి. లేకపోతే ఊరికే టిక్కెట్టు కొట్టేయండి!