ఎవరి దీపం చుట్టూ వారి గీతలు

కరెంటు పోయిన రాత్రి ఓ చిన్న పని చేసి చూడండి. రోజూ పీచుతో తోమే స్టీలు పళ్ళెం ముందు కొవ్వొత్తి వెలిగించి పెట్టండి. పళ్ళెం మీది సన్నటి గీతలన్నీ ఆ వెలుగు చుట్టూ గుండ్రంగా తిరిగినట్టు కనిపిస్తాయి. కొవ్వొత్తిని పక్కకు జరిపితే ఆ గుండ్రాలూ జరుగుతాయి. నిజానికి గీతలు ఎటుపడితే అటే ఉంటాయి!

ఈ సంగతిని నవలలోకి ఎక్కించిన రచయిత్రి జార్జ్ ఇలియట్. పేరు చూసి మగవాడనుకునేరు, అసలు పేరు మేరీ యాన్ ఇవాన్స్. ఆవిడ 'మిడిల్ మార్చ్' నవల 1871, 72ల్లో ఎనిమిది భాగాలుగా వెలువడింది. పనిమనిషి తోమిన అద్దం మీది గీతలు లోకంలో జరిగే సంఘటనలట. కొవ్వొత్తేమో మన 'నేను'.

అందులో రోజమండ్ అనే అందగత్తె ఉంది. తోడబుట్టినవాడికి జ్వరం వస్తే, వైద్యం చేయడానికి లిడ్గేట్ అనే డాక్టరు వస్తాడు. తమ ఇద్దర్నీ కలపడానికే దేవుడు ఆ జ్వరం తెప్పించాడని ఆ పిల్ల నమ్మకం! పెళ్ళయ్యాక సామాన్ల మీద అప్పులు పెరుగుతాయి. భర్తకు చెప్పకుండా ఏకంగా ఊరవతలి జమీందారైన ఆయన తండ్రి సోదరుడికే సాయం చేయమని ఉత్తరం రాస్తుంది. అదేమంటే, తన తప్పేమీ లేదంటుంది. ఆమె కొవ్వొత్తి వెలుగులో నిజంగానే లేదు మరి!

1847లో వచ్చిన షార్లెట్ బ్రాంటీ 'జేన్ ఐర్'లో కథంతా జేనే 'నేను' అంటూ చెబుతుంది. అక్కడ దీపం ఒక్కటే. ఇలియట్ మాత్రం దీపాన్ని జరుపుతూ పోతారు. వయసు మళ్ళిన పండితుడు కాసోబన్‌ని చేసుకుని నలిగిపోతున్న డొరోతియా గురించి ఒక అధ్యాయం మొదలుపెట్టి, వాక్యం మధ్యలోనే ఆగి, ఎప్పుడూ ఈమె వైపేనా అని తననే ప్రశ్నించుకుంటారు. అక్కణ్ణుంచి ఆ ముసలాయన మనసులోకి తీసుకెళతారు. తన గ్రంథం పూర్తికాదేమో, నలుగురూ నవ్వుతారేమో అన్న భయం ఆయనది. చదువుతుంటే అయ్యో అనిపిస్తుంది.

అయితే ఒక్కమాట. జాలి కలిగించారు కదా అని ఆయన్ని మంచివాణ్ణి చేసెయ్యలేదు. తను పోయాక లాడిస్లా అనే యువకుణ్ణి చేసుకుంటే ఆస్తి దక్కదని విల్లు రాసిపెట్టి పోయినవాడే ఆయన. ఆ ఆస్తిని వదులుకునే డొరోతియా లాడిస్లాని పెళ్ళాడుతుంది.

'కాస్త అర్థం చేసుకోవమ్మా' అని మనకు చెప్పేవాళ్ళలో చాలామంది అసలు ఉద్దేశం 'సర్దుకుపో' అనే. ఆ రెండూ ఒకటి కావని నూటయాభై ఏళ్ళ కిందటే ఈ నవల చూపించింది. ఎదుటివారి దీపం దగ్గరికి వెళ్ళి చూడండి, తప్పకుండా చూడండి. చూసొచ్చాక ఏం చేయాలన్నది మాత్రం మీరే తేల్చుకోండి.