గడ్డిలో కూర్చోవద్దంటే కోత ఎవరు కోస్తారు?

గడ్డిలో కూర్చోకండి, పొదల్లోకి వెళ్లకండి, ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, బూట్లు వేసుకోండి, ఇల్లూ వాకిలీ శుభ్రంగా ఉంచుకోండి. 2025 నవంబరు చివర్లో విజయనగరం జిల్లాలో స్క్రబ్ టైఫస్ సోకిన మహిళ చనిపోయిందన్న వార్త వచ్చింది మొదలు టీవీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఇదే పాట. వినడానికి బాగానే ఉంటుంది. కానీ దీని అడుగున ఉన్న అభిప్రాయం ఒకటుంది: జబ్బు రాకుండా చూసుకోవడం జనం చేతుల్లోనే ఉంది, వచ్చిందంటే వాళ్లు జాగ్రత్త పడలేదన్నమాట. నాకు పేచీ దీనితోనే.

ఈ సలహాలు పట్టుకుని అనకాపల్లి జిల్లా నాతవరం మండలానికి రండి. తాండవ నీటి కింద వరి, మెట్టన చెరకు, కొండవాలున జీడితోటలు. వానలు వెనకపట్టాక, చలి ముదిరేలోగా ఈ జబ్బు జోరు చేస్తుంది. వరి కోతలు, కుప్పలు, నూర్పులు పడేది కూడా అప్పుడే. గడ్డికి దూరంగా ఉండి వరి కోసే విద్య ఎవరికైనా తెలిస్తే చెప్పమనండి. కట్టెలకు, పశువుల వెంట కొండెక్కే మనిషికి పొదల్లోకి వెళ్లొద్దనడం పని మానుకోమనడమే.

ఫుల్‌హ్యాండ్స్ సంగతి ఇంకా విడ్డూరం. చెరకు తోటలో పనికి దిగే ఆడవాళ్లు చీర మీద ఇంట్లో మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుంటారు, ఆకు కోసేస్తుందని. ఎవరో చెప్తే నేర్చుకున్నది కాదు. అయితే ఈ జబ్బు తెచ్చే పురుగు చేతి మీదికి ఎగిరొచ్చి వాలే రకం కాదు. చిగ్గర్ మైట్ అంటారు. కుట్టేది దాని పిల్ల దశలోనే, అది కంటికి ఆనీ ఆననంత. గడ్డి మీంచి కాలికి పట్టి పైకి పాకుతుంది. బట్ట బిగిసిన చోట, చర్మం మెత్తగా ఉన్న చోట ఆగుతుంది: లంగా బొందు కింద, మొలతాడు కింద, జాకెట్టు అంచున, చంకలో, గజ్జల్లో. కుట్టినట్టు కూడా తెలియదు. ఆరు రోజుల నుంచి మూడు వారాల లోపు జ్వరం, తలపోటు, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. చాలామందికి కుట్టిన చోట చుట్టతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి ఉండదు కనుక ఉన్నట్టు రోగికే తెలియదు.

శుభ్రత లేకపోవడం వల్ల వచ్చే జబ్బని ముద్ర వేయడం మరీ అన్యాయం. ఈ జబ్బుకు కారణమైన బ్యాక్టీరియా మైట్‌లో తల్లి నుంచి గుడ్డుకు పోతుంది, ఇంటి వాకిలి ఊడ్చినంత మాత్రాన పోదు. మనిషి నుంచి మనిషికి అసలు అంటదు. రోగికి కంచం, చెంబు వేరు పెట్టడం వట్టి క్రూరత్వం.

అసలు ప్రమాదం పొలంలో కంటే ఆ తర్వాత నడిచే దారిలో ఎక్కువ. జ్వరమొస్తే ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ. ఒక సూది, ఒక సెలైను. తగ్గకపోతే విడాల్ పరీక్ష, టైఫాయిడ్ అన్న తీర్పు, సెఫ్ట్రియాక్సోన్ కోర్సు. ఆ మందు ఈ బ్యాక్టీరియాను ఏమీ చేయలేదు. వారం గడిచేసరికి ఊపిరితిత్తులు, కిడ్నీలు, కాలేయం, మెదడు దాకా పోవచ్చు. పనిచేసేది డాక్సీసైక్లిన్, చాలా చవక మాత్ర. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. వేళకు పడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. అనుమానం బలంగా ఉంటే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టమని ఐసీఎంఆర్ మార్గదర్శకాలే చెబుతున్నాయి.

మరి ఆ అనుమానం ఎవరికి రావాలి? ఓపీలో డాక్టరు జ్వరం చూసి చీటీ రాస్తే ఆ పెచ్చు బయటపడదు, చూడాలి. పరదా లేని గదిలో, చుట్టూ మగవాళ్లు ఉండగా ఏ ఆడమనిషి లంగా బొందు వదులు చేస్తుంది? అక్కడ ఒక ఏఎన్ఎం ఉండి, చాటుకు తీసుకెళ్లి నడుమూ చంకా చూస్తే సగం రోగ నిర్ధారణ అయిపోయినట్టే. పెచ్చు కనిపించలేదని జబ్బు లేదనుకోకూడదు, కొందరికి రాదు. పొలం పనికి వెళ్లావా, కొండకు వెళ్లావా అని ఒక్క మాట అడగడానికి పైసా ఖర్చవదు.

అయితే ఇంటి జాగ్రత్తలే వద్దా అంటారు. కావాలి. పని నుంచి రాగానే సబ్బుతో ఒళ్లు రుద్ది స్నానం చేయడం, విప్పిన బట్టలు ఉతక్కుండా మళ్లీ కట్టుకోకపోవడం నిజంగా పనికొస్తాయి. కానీ పొద్దుగూకాక ఇంటికొచ్చిన కూలిమనిషికి బిందెడు నీళ్లు, మార్చుకోవడానికి ఇంకో చీర ఉండాలిగా.

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు సైన్యాలను ఈ జబ్బు బాగా దెబ్బతీసింది. పొదల్లోకి వెళ్లకండని సైనికులకు నీతులు చెప్పి ఊరుకోలేదు. పురుగు దరిచేరకుండా వాళ్ల బట్టలకు ప్రభుత్వమే మందు పట్టించింది. ఉపాధి హామీ పనిలో తుప్పలు కొట్టే కూలీకి రిపెల్లెంట్ ట్యూబు ఇవ్వడం అంతకంటే కష్టమా? అదీ కుదరదంటే కనీసం ప్రతి పీహెచ్‌సీ గోడ మీద ఈ వేళ డాక్సీసైక్లిన్ మాత్రలు ఎన్ని ఉన్నాయో సుద్దతో రాయించండి.