మంగినపూడిలో లేని అల

2024 జులై 29న తీసిన ఒక ఫొటో మీరూ చూసే ఉంటారు. బ్రెజిల్ సర్ఫర్ గాబ్రియెల్ మెదీనా సముద్రం మీద, గాల్లో, నిటారుగా నిలబడి ఉంటాడు. చూపుడు వేలు ఆకాశంవైపు. పక్కనే అతని బోర్డు... అదీ నిటారుగానే! ఒలింపిక్స్ పోటీలో ఒక భారీ అలను ఆ చివరిదాకా స్వారీ చేసి, దాని వీపు మీంచి బయటికి ఎగిరిన క్షణమది. ఆ అలకి అతనికి పదికి 9.90 మార్కులొచ్చాయి. జెరోమ్ బ్రూయే తీసిన ఆ ఫొటో ఒక్కరోజులో ప్రపంచమంతా తిరిగేసింది.

అది చూసి పెద్దవాళ్లకొచ్చే సందేహం ఒకటి: పారిస్ ఒలింపిక్స్ అన్నారు కదా, పారిస్‌లో సముద్రమెక్కడిది? పిల్లలకొచ్చే సందేహం వేరు: మన మంగినపూడిలో అలాంటి అల ఎందుకు లేవదు?

మొదటిదానికి జవాబు తేలిక. ఆ పోటీలు పారిస్‌లో జరగలేదు. పసిఫిక్ మహాసముద్రంలో ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్న తాహితీ దీవిలో, తెయాహుపో అనే చిన్న ఊళ్లో పెట్టారు. పారిస్‌కి సుమారు 15,700 కిలోమీటర్ల దూరం! పెళ్లి బెజవాడలో, విందు ప్రపంచం అవతలి అంచున అన్నట్టుంది యవ్వారం. కానీ ఆ అల కోసం అంతదూరం వెళ్లక తప్పలేదు. ఎందుకంటే అలాంటి అల ఎక్కడపడితే అక్కడ పుట్టదు. రెండో ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది.

చేను కదలదు... ఊపు కదులుతుంది

అల అంటే నీళ్లు మనవైపు పరుగెత్తుకు రావడం అనుకుంటాం. నడిసముద్రంలో జరిగేది అది కాదు. పైరు మీద గాలి వీచినప్పుడు గట్టున నిలబడి చూడండి. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఒక ఊపు సాగిపోతుంది. పైరు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. సముద్రమూ అంతే. నీళ్లు ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతాయి, శక్తి ముందుకు పోతుంది. అంటార్కిటికా దగ్గరి చలి సముద్రాల్లో ఎక్కడో తుపాను రేగితే, అక్కడ పుట్టిన అలల గుంపు గంటకు 45 కిలోమీటర్ల చొప్పున, మన ప్యాసింజరు రైలు నడకన, రోజుల తరబడి వేల కిలోమీటర్లు ప్రయాణం చేస్తుంది.

ఒడ్డు దగ్గరపడి లోతు తగ్గేసరికి ఆ ఊపు అడుగుభాగం నేలకి రాసుకుంటుంది. కింద వేగం తగ్గుతుంది, పైన తగ్గదు. గడప తగిలిన మనిషి ముందుకు తూలినట్టు అల తూలి విరిగిపడుతుంది. ఎలా విరిగిపడుతుందన్నది అలని బట్టి కాదు, చాలామటుకు కింద ఉన్న నేలని బట్టి ఉంటుంది.

మన దగ్గర ఆ నేల కృష్ణమ్మ పోసింది. వేల ఏళ్లుగా నల్లమట్టి, ఒండ్రు, సన్న ఇసుక తెచ్చి హంసలదీవి దగ్గర, నాచుగుంట దగ్గర సముద్రంలో కలుపుతూ వచ్చింది. అందుకే మంగినపూడిలో మోకాటి లోతు నీళ్లలో చాలాదూరం నడిచి వెళ్లగలం. వచ్చే అల అంతదూరమూ నేలకి రాసుకుంటూ, కొంచెం కొంచెంగా నురగ కక్కుకుంటూ, ఒడ్డు చేరేసరికి అలిసిపోతుంది. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో బందరులో వర్తక స్థావరాలు పెట్టారు కానీ వాళ్ల ఓడలు ఒడ్డుకి రాలేక మైళ్ల దూరంలో లంగరు వేసుకునేవి. సరుకూ మనుషులూ పడవల మీదే ఒడ్డు చేరాలి. కోరమండల్ తీరంలో అందుకు వాడిన మసూలా పడవలకి ఒక్క మేకు ఉండేది కాదు. పలకలని కొబ్బరి తాడుతో కుట్టేవారు. అల కొట్టినప్పుడు బిగుసుకుని పగలకుండా పడవ కాస్త ఒంగి సర్దుకునేది. ఆ పేరు మచిలీపట్నం నుంచే వచ్చిందనేవారు ఉన్నారు, కాదనేవారూ ఉన్నారు.

అయితే మన సముద్రం సాధువని మాత్రం అనుకోకూడదు. రోజువారీ అలని అలసిపోయేలా చేసే ఈ లోతులేనితనమే, తుపాను వచ్చినప్పుడు ఉప్పెన నీటిని పోగేసి ఊళ్ల మీదకి ఎత్తిపోస్తుంది. 1864లో బందరులో సుమారు 30 వేల మందిని, 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్నది ఆ నీరే.

ఇప్పుడు తెయాహుపో సంగతి చూద్దాం. అక్కడ కింద ఇసుక లేదు, పగడపు దిబ్బ ఉంది. పగడాలు పెరగాలంటే వెచ్చటి, తేటైన, ఎండ తగిలే ఉప్పునీరు కావాలి. బురదనీరు పడదు. అందుకే నది కలిసేచోట పగడాలు పెరగవు, కృష్ణా గోదావరుల ముఖద్వారాల్లో మనకి అవి కనిపించవు. తాహితీలో ఆ దిబ్బ అంచు దాటితే సముద్రం ఒక్కసారిగా లోతు. అంటే వేల కిలోమీటర్లు అలుపు లేకుండా వచ్చిన అలకి ముందస్తు కబురేమీ ఉండదు. ఉన్నట్టుండి గోడకి గుద్దుకుంటుంది. పైకి లేవడానికి బదులు ముందున్న నీళ్లన్నీ లాక్కుని, చుట్ట చుట్టుకుని, లోపల గుహలాంటి ఖాళీతో దబ్బున పడుతుంది. సర్ఫర్లు దూరేది ఆ గుహలోకే. వాళ్ల పాదాల కింద నీరు కొన్నిచోట్ల మనిషి నడుము లోతు కూడా ఉండదు. ఆ కింద కత్తుల్లాంటి పగడాలు.

ఒక ఘనమీటరు సముద్రపు నీరు టన్ను పైచిలుకు బరువు. పాతిక కిలోల బియ్యం బస్తాలు నలభై ఒకటి ఒకేసారి నెత్తిన పడ్డట్టు! అల ఎత్తు రెండింతలైతే శక్తి నాలుగింతలవుతుంది. 2024 పోటీల మొదటి రౌండులోనే ఫ్రాన్స్ క్రీడాకారిణి జొహాన్ డెఫే తల దిబ్బకి తగిలింది. కుట్లు వేయించుకుని మళ్లీ నీళ్లలోకి దిగి, చివరికి కాంస్యం తెచ్చుకుంది. పురుషుల్లో స్వర్ణం గెలిచిన కౌలీ వాస్త్ తాహితీ కుర్రాడే. ఆ నీళ్లలోనే పెరిగాడు. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. మన బందరు కాలవలో ఈత నేర్చినవాడికి ఆ కాలవ సుడులు తెలిసినట్టే.

మనకి దగ్గర్లో ఇలాంటిది ఉందా అంటే... ఉంది. లిటిల్ అండమాన్ దీవి నైరుతి కొసన, కుమారి పాయింట్ దగ్గర. పగడపు దిబ్బ మీద కుడివైపుకి విరిగే బలమైన అల అది. 1998లో ఫొటోగ్రాఫర్ జాన్ కాలహన్ బృందం పడవలో వెళ్లి అక్కడ స్వారీ చేసి ఫొటోలు తెచ్చాక సర్ఫర్ల లోకానికి తెలిసింది. అండమాన్ అంటే మనకి పరాయిచోటు కాదు. శ్రీకాకుళం, విశాఖ వైపు మత్స్యకార కుటుంబాలు తరతరాల క్రితమే వెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డాయి. 2024లో ఆ ఊరిపేరు శ్రీవిజయపురంగా మారినా, అక్కడి జంగ్లీఘాట్‌లో తెలుగు వినిపించడం మానలేదు.

అలాగని టికెట్లు కొనేయకండి! లిటిల్ అండమాన్‌లో చాలా భాగం ఒంగీ తెగవారి రక్షిత ప్రాంతం. అక్కడ బయటివాళ్లు అడుగు పెట్టకూడదు. ఉప్పునీటి మొసళ్లున్నాయి. పెద్ద దెబ్బ తగిలితే పెద్దాసుపత్రికి ఓడలోనో హెలికాప్టర్లోనో వెళ్లాలి. పగడం కోసిన గాయం అంత తొందరగా మానదు, చీము పడుతుంది. అనుభవం ఉన్నవాళ్లకు మాత్రమే అని అలాంటి అలల గురించి చెప్పేది బెదిరించడానికి కాదు. ఇసుక మీద పడితే లేచి నవ్వుకోవచ్చు. దిబ్బ మీద ఆ అవకాశం లేదు. నేర్చుకునేవాడు దిగితే వాడికే కాదు, పక్కవాడికీ ముప్పే. ఒక అలకి ఒక్కరే స్వారీ, విరుగుతున్న చోటుకి ఎవరు దగ్గరగా ఉంటే వాళ్లదే హక్కు అన్నది అక్కడి కట్టుబాటు.

అరగంట ఒడ్డునే

ఈ ఆటలో చేయి తిరిగినవాళ్లు చేసే మొదటి పని ఏంటో తెలుసా? ఏమీ చేయకపోవడం. బోర్డు పక్కన పెట్టుకుని అరగంటసేపు సముద్రాన్ని చూస్తూ కూర్చుంటారు. పెద్ద అలలు ఒంటరిగా రావు, నాలుగైదు కలిసి జట్టుగా వస్తాయి. తర్వాత కాసేపు విరామం. అది ఎంతసేపో లెక్కపెట్టుకుంటారు. మన తీరంలో పడవ తోసే మత్స్యకారులు చేసేదీ అదే కదా! కెరటాల వరస దాటిపోయేదాకా ఆగి, నెమ్మదించిన క్షణంలో ఒక్క ఊపున పడవని అవతలికి దాటిస్తారు.

వాళ్లు రెండోది కూడా చూస్తారు. ఒడ్డుకి వచ్చిన నీరంతా ఎటు తిరిగి పోతోంది? వచ్చిన నీరు పోవాలిగా! పగడపు దిబ్బకి మధ్యలో లోతైన సందు ఉంటుంది. నీరు ఆ సందులోంచి సముద్రంలోకి వెళ్లిపోతుంది. అక్కడ అల విరగదు. సర్ఫర్లు ఆ ప్రవాహం మీద కూర్చుని హాయిగా లోపలికి చేరతారు. వాళ్లకి అది రాదారి.

మన ఇసుక తీరాల్లోనూ అలాంటి సందులుంటాయి. తేడా ఏంటంటే పగడపు సందు ఉన్నచోటే ఉంటుంది, ఇసుక సందు నిన్న ఉన్నచోట ఇవాళ ఉండదు. మొన్న కార్తికంలో స్నానం చేసిన చోటే కదా అని నమ్మడానికి లేదు. ఇంగ్లీషులో దీన్ని రిప్ కరెంట్ అంటారు. లోపలికి లాగేసే ప్రవాహం. సముద్రంలో మునిగిపోయినవాళ్లలో చాలామందిని అల ముంచదు, ఇది తీసుకుపోతుంది.

ఇక్కడే అసలు చిక్కు. సూర్యలంకలోనో మంగినపూడిలోనో ఒక కుటుంబం దిగుతోందనుకోండి. పిల్లలున్నారు కాబట్టి అలలు పెద్దగా లేనిచోటు వెతుకుతారు. రెండువైపులా తెల్లటి నురగ, మధ్యలో మాత్రం ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో ఉన్న నీరు. ‘ఇక్కడ బావుందర్రా, రండి’ అని పెద్దాయన పిలుస్తాడు. ఆ ప్రశాంతమైన చోటే సందు! అక్కడ అల విరగకపోవడానికి కారణం కింద లోతుగా ఉండటమే. నురగ, చెత్త లోపలివైపు కొట్టుకుపోతుంటే అనుమానమే అక్కర్లేదు. ఆ ప్రవాహం మామూలుగా సెకనుకు అర మీటరు వేగంతో ఉంటుంది, ఒక్కోసారి 2 మీటర్లు దాటుతుంది. 2024లో ప్రపంచ రికార్డు కొట్టిన చైనా ఈతగాడు పాన్ జాన్లే 100 మీటర్లు 46.40 సెకన్లలో ఈదాడు. అంటే అతనూ దానికి ఎదురీదలేక అక్కడే ఉండిపోతాడు. ఇక మనమెంత?

కాబట్టి ఎదురీదకూడదు. ఈ ప్రవాహం మనిషిని కిందికి లాగదు, దూరంగా లాగుతుంది, అంతే. ప్రాణం తీసేది భయం, అలసట. వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపి సాయం పిలవాలి. ఈత వచ్చినవాళ్లు ఒడ్డు వైపు కాకుండా ఒడ్డుకి సమాంతరంగా ఈదాలి. ఆ సందు వెడల్పు సాధారణంగా కొద్ది పదుల మీటర్లే. నురగ విరిగే చోటు చేరితే అలలే ఒడ్డుకి తోస్తాయి. ఈత రానివాళ్లు మోకాళ్లు దాటి దిగకపోవడమే మంచిది. తడిసిన చీరతో, జీన్సు ప్యాంటుతో మోకాటి లోతులో కూడా కాలు నిలవదు. ఒకరు కొట్టుకుపోతుంటే ఇంకొకరు దూకడం, ఆయన కోసం మరొకరు... పేపర్లో ఒకే ఇంటివాళ్ల ఫొటోలు వరసగా వచ్చేది ఇలాగే. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను, బంతి, తాడు, ఏదో ఒకటి విసరండి. అది మునగదు.

పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ. మన సముద్ర స్నానాలు సరిగ్గా ఆ రోజుల్లోనే. పైగా ఎక్కడో పుట్టిన అలలు ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు కూడా వచ్చి పడతాయి. 2024 మే 6న కన్యాకుమారి జిల్లా తీరంలో ఐదుగురు వైద్య విద్యార్థులు చనిపోయారు. ఆ రోజుల్లో వాన లేదు, తుపాను లేదు. దక్షిణాన చాలా దూరంలో పుట్టిన అలలొస్తున్నాయని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అప్పటికే హెచ్చరించింది. మన తీరానికీ ఆ హెచ్చరికలు జారీ చేసేది అదే సంస్థ. బయల్దేరేముందు వాతావరణం చూస్తాం, ఎండ ఉందా వాన ఉందా అని. అలల సంగతి చూసేవాళ్లు ఎంతమంది?

అదీ చూడటం కుదరకపోతే, తీరంలో వల బాగుచేసుకుంటూ కూర్చున్న పెద్దాయన ఎవరో ఒకరుంటారు. సెల్ఫీలకి ముందు ఆయన దగ్గరికెళ్లి ‘తాతా, ఇవాళ నీళ్లు ఎక్కడ లాగుతున్నాయి?’ అని అడగండి. తల ఎత్తి ఒక్కసారి చూసి చెయ్యి చాపుతాడు. మీరు రెండో వైపుకి నడవండి.