మాస్టారి కబుర్లు: ఊసరవెల్లితో చెలిమి

బాలలూ!

ఆమధ్య ఒక ఆదివారం పొద్దున్నే మా వీధి కుర్రవాడొకడు చెప్పుల అట్టపెట్టెను గుండెలకు హత్తుకొని మా అరుగు ఎక్కాడు. ఆరవ తరగతి చదువుతున్నాడు. ఎప్పుడూ గలగలా మాట్లాడేవాడు, ఆ రోజు మాటా పలుకూ లేకుండా పెట్టె నా ముందుంచి మూత తీశాడు. లోపల ఒక ఊసరవెల్లి!

"మాస్టారండీ, నాలుగు రోజులనుంచి పెంచుతున్నానండీ. వీడి పేరు రంగడు. నేను దగ్గరకు వెళితే చాలు, నల్లగా అయిపోయి నోరు తెరుస్తున్నాడు. నేను వీణ్ణి ఒక్క దెబ్బ కూడా కొట్టలేదండీ. వీడు నాకు ఎప్పుడు మచ్చిక అవుతాడండీ?" అన్నాడు. అంటూ ఉండగానే వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెట్టెలోకి తొంగిచూశాను. ఒక మూల నాలుగు అన్నం మెతుకులు, రెండు చచ్చిన చీమలు. ఇంకొక మూల చిన్న మూకుడు నిండా నీళ్లు. మధ్యలో ఆ ప్రాణి పట్టపగలే కళ్లు మూసుకొని ఉన్నది. వాడు నిద్ర అనుకున్నాడు. కాదు. పగటిపూట ఊసరవెల్లి కళ్లు మూసిందంటే దాని ఒంట్లో బాగులేదన్నమాట.

ఆ నీళ్ల మూకుడు చూడగానే నా మనస్సు చివుక్కుమన్నది. ఎందుకో తరువాత చెబుతాను. ముందు, ఈ రంగడెవరో తెలుసుకుందాం.

మనలో చాలామంది తొండను చూచి ఊసరవెల్లి అంటారు. కంచెమీద తల ఆడిస్తూ, మనిషి అలికిడి కాగానే సర్రున పరుగెత్తేది తొండ. ఊసరవెల్లికి పరుగు రాదు. గాలికి ఊగే ఆకులాగా ముందుకూ వెనుకకూ ఊగుతూ ఒక్కొక్క అడుగే వేస్తుంది. దాని ఒళ్లు రెండు ప్రక్కలా నొక్కినట్టు పలచగా ఉంటుంది. తోకను గడియారం స్ప్రింగులాగా చుట్టుకుంటుంది. అయిదేసి వ్రేళ్లు రెండుగానూ మూడుగానూ అతుక్కొని ఉండడంచేత, పాదం కొమ్మను పటకారులాగా పట్టుకుంటుంది. ప్రపంచంలో ఊసరవెల్లి జాతులు 200కు పైగా ఉన్నాయి. అందులో దాదాపు సగం ఒక్క మడగాస్కర్ దీవిలోనే ఉన్నాయి. మన దేశానికి ఉన్నది మాత్రం ఒకే జాతి. అదే మన రంగడి జాతి.

ఇప్పుడు మీరంతా ఒక్క నిమిషం ఊసరవెల్లి అయిపోండి! మీ రెండు కళ్లూ రెండు బురుజుల్లా బయటికి వచ్చి ఉన్నాయి. ఒకటి ముందుకు చూస్తుంటే రెండవది వెనుకకు చూడగలదు. మెడ త్రిప్పకుండానే మీకు చుట్టూరా కనబడుతుంది. పైనుంచి ఏదైనా వచ్చిందంటే అది కాకో, గద్దో అయి ఉంటుంది. పరుగెత్తడం మీకు చేతకాదు. కనుక చప్పున కొమ్మకు అవతలి ప్రక్కకు తిరిగి దాక్కుంటారు. అదీ కుదరకపోతే ఒళ్లు ఉబ్బించి, నల్లబడి, నోరు తెరచి బుస్సుమంటారు. మీకున్న ఆయుధాలు అంతే.

మరి చెప్పుల పెట్టెలో కొమ్మ ఏదీ? దాక్కోవడానికి చాటు ఏదీ? మూత తెరుచుకుంటుంది, పైనుంచి ఒక పెద్ద చెయ్యి దిగుతుంది. అది ప్రేమతో దువ్వడానికి వచ్చిన చెయ్యి అని రంగడికి ఎలా తెలుస్తుంది? మన కుర్రవాడు రోజుకు పదిసార్లు మూత తీసి ముద్దుగా నిమిరాడు. రంగడికి మాత్రం గద్ద రోజుకు పదిసార్లు వచ్చినట్టయింది. "రంగా, రంగా" అని పిలిచాడట కూడా. ఊసరవెల్లికి బయటికి కనబడే చెవులే లేవు. దాని వినికిడి చాలా తక్కువ. దానికి మన మాటతో పని లేదు. మన కదలికే దానికి మాట.

ఇక రంగు సంగతి. ఏ చెట్టెక్కితే ఆ రంగులోకి మారుతుందని మనం అనుకుంటాం. మాట నిలకడలేని మనిషిని "ఊసరవెల్లి" అని తిడతాం. పాపం, ఎర్రగుడ్డమీద పెట్టినంతమాత్రాన అది ఎర్రబడదు. దాని రంగు చాలావరకు దాని ఒంటి వేడినీ, దాని మనస్సునూ తెలుపుతుంది. సబ్బుబుడగ మీద రంగులు చూచారు గదా! అందులో ఎవరూ రంగు పొయ్యలేదు. పలుచని పొరమీద వెలుగు ఆడే ఆట అది. ఊసరవెల్లి చర్మం లోపల కూడా కంటికి కనబడనంత చిన్న స్ఫటికాలు వరుసలు తీరి ఉంటాయి. ఆ స్ఫటికాల మధ్య ఎడం మారితే తిరిగివచ్చే వెలుగు రంగు మారుతుంది. స్విట్జర్లాండులోని జెనీవా విశ్వవిద్యాలయంవారు మడగాస్కర్ ఊసరవెల్లులను పరిశీలించి 2015లో ఈ సంగతి బయటపెట్టారు. ఈ స్ఫటికాలు గాక నల్లని పదార్థం గల కణాలు కూడా దాని చర్మంలో ఉన్నాయి. ఆ నలుపు కణమంతటా పరచుకుంటే ఒళ్లు నల్లబడుతుంది; ఒకచోటికి చేరితే తేటపడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది సుమా! నల్లబడిన ప్రతిసారీ భయమే అనుకోకూడదు. పొద్దున్నే చలిగా ఉన్నప్పుడు ఊసరవెల్లి ఒక ప్రక్కను ఎండకు ఒడ్డి, వేడి పట్టుకోవడానికి నల్లబడుతుంది. అప్పుడు నోరు మూసుకొని, కళ్లు తీరికగా త్రిప్పుతూ ఉంటుంది. ఒళ్లు ఉబ్బించి, నోరు తెరచి, బుస కొడుతూ నల్లబడితే మాత్రం "దూరంగా ఉండు" అంటున్నదన్నమాట. అది కోపం కాదు, పొగరు కాదు, భయం. చక్కగా ఆకుపచ్చగా ఉండి తన పని తాను చూచుకుంటున్నదంటే అప్పుడు దాని మనస్సు కుదుటగా ఉన్నట్టు.

ఇప్పుడు నీళ్ల మూకుడు సంగతి చెబుతాను. నాకు పదేళ్ల వయస్సులో నేను కూడా ఒక ఊసరవెల్లిని పట్టుకొచ్చాను. దాని నడుముకు నూలుదారం కట్టి, దారం రెండవ కొస వసారా రాటకు ముడివేశాను. ముందు ఒక చిప్పతో నీళ్లు పెట్టాను. అది ఆ నీళ్లు ముట్టలేదు. "ఎంత పొగరు దీనికి!" అనుకున్నాను. ఆరవనాడు పొద్దున్న చూస్తే చచ్చిపడి ఉన్నది. నీళ్ల చిప్ప దాని ప్రక్కనే ఉన్నది, నిండుగా.

ఎన్నో ఏళ్లకు, నేను ఉపాధ్యాయుణ్ణి అయిన తరువాత, పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. ఊసరవెల్లి ఆకులమీద జారే మంచుబొట్లూ వానబొట్లూ నాకి దాహం తీర్చుకుంటుంది. కదలకుండా గిన్నెలో నిలిచిన నీరు నీరని సాధారణంగా దానికి తెలియనే తెలియదు. నా ఊసరవెల్లి నీళ్ల ప్రక్కనే ఉండి దాహంతోనూ భయంతోనూ చచ్చింది. ఈ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఆ కుర్రవాడికి చెప్పాను, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఇద్దరమూ కలిసి పెట్టెను మా పెరటిలోని మందారచెట్టు క్రింద ఉంచి, ఒక కొమ్మను మెల్లగా దాని కాళ్లముందుకు వంచాము. చేతితో పట్టి ఎత్తలేదు. అది కొంతసేపటికి ఒక పాదంతో కొమ్మను పట్టుకున్నది, తరువాత రెండవ పాదంతో. చెట్టెక్కి ఆకుల మధ్యకు పోయింది. అప్పుడు చెంబులోని నీళ్లు పై ఆకులమీద చిలకరించాను. ఒక బొట్టు జారి దాని ముక్కు ముందు ఆగింది. నాకింది. ఇంకొక బొట్టు. మరొకటి. చాలాసేపు త్రాగింది.

"తాగుతున్నాడండీ!" అన్నాడు కుర్రవాడు గుసగుసగా. వాడు అలా గుసగుసగా మాట్లాడడం నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

తరువాత వాడికి కష్టమైన మాట చెప్పవలసి వచ్చింది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊసరవెల్లికి రక్షణ ఇస్తున్నది. దాన్ని పట్టడమూ, ఇంట్లో ఉంచుకోవడమూ, అమ్మడమూ, కొనడమూ నేరం. వాడి నాన్నగారు అటవీశాఖవారికి ఫోను చేశారు. దెబ్బలేమీ లేవు గనుక పట్టిన చోటనే వదలమని వారు చెప్పారు.

"వదిలేస్తే ఇంక నాకు కనబడడు గదండీ," అన్నాడు వాడు.

"నీకు కదలకుండా కూర్చోవడం వస్తే కనబడతాడురా నాన్నా," అన్నాను.

మా తగరపువలస ప్రక్కగా గోస్తని పారుతున్నది. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలిసే ఏరు అది. ఆ ఒడ్డున ఒక తోట కంచెలో సీమచింత గుబురు ఉన్నది. వాడు రంగణ్ణి పట్టింది అక్కడే. సాయంత్రం అక్కడే వదిలాము.

కొన్ని దేశాలలో పంజరాలలోనే పుట్టిన యెమెన్, మడగాస్కర్ జాతుల ఊసరవెల్లులను పెంచుకునేవారు ఉన్నారు. అనుభవం గలవారు పాటించే పద్ధతులు కొన్ని ఉన్నాయి. దాని కొమ్మ మన తలకంటె ఎత్తుగా ఉండాలి. పైనుంచి చెయ్యి దింపకూడదు. రోజూ ఒకే వేళకు, ఒకే తీరుగా దాని ముందుకు రావాలి. పట్టి లాగకూడదు, దానంతట అది చేతిమీదికి ఎక్కితే సరే, లేకపోతే లేదు. ఇంతా చేస్తే అది మనను ప్రేమిస్తుందా అంటే, లేదు. ఊసరవెల్లి ఒంటరిగా బ్రతికే జీవి. ఈడు వచ్చాక తన జాతిదాన్ని కూడా జతకట్టే కాలంలో తప్ప దగ్గరకు రానివ్వదు. మనం ఉన్నా భయపడకుండా ఉండడమే అది మనకు చేసే మర్యాద.

పంజరం తీసివేస్తే, ఆ పద్ధతులే కంచె దగ్గర కూడా పనికివస్తాయి. కుర్రవాడు రోజూ సాయంత్రం బడి విడిచాక వాళ్ల తాతగారితో వెళ్లి, గుబురుకు పది బారల దూరంలో నేలమీద కూర్చునేవాడు. చేతులు ఊపడు, లేచి నిలబడడు, వ్రేలు పెట్టి చూపించడు. రోజుకు కొంచెం ముందుకు జరిగేవాడు. చూచిందంతా పుస్తకంలో వ్రాసి నాకు చూపేవాడు.

మొదటి రోజు: "వెంటనే కొమ్మ వెనుకకు పోయాడు." మూడవ రోజు: "ఒక కన్ను మాత్రం కొమ్మ చాటునుంచి నావైపు పెట్టాడు." ఆరవ రోజు: "నల్లబడలేదు. ఒక కన్ను నామీద, ఒక కన్ను ఆకులమీద."

పదవ రోజున వాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆ రోజు రంగడికి కొంచెం దూరంలో ఒక మిడత వాలిందట. ఊసరవెల్లి నాలుక దాని ఒంటి పొడుగును మించి సాగుతుంది. కొసన ఉన్న చిక్కని జిగురుకు పురుగు అంటుకుంటుంది. కాని గురి కుదరాలంటే రెండు కళ్లూ కలిసి పురుగునే చూడాలి. రంగడు మూడు బారల దూరంలో మన కుర్రవాడు కూర్చొని ఉండగానే రెండు కళ్లూ మిడతవైపు త్రిప్పి, నాలుక విసిరాడు.

"మాస్టారండీ, అప్పుడు నన్ను చూసే కన్ను ఒక్కటీ లేదండీ!" అన్నాడు వాడు.

బాలలూ, వాడు పెట్టె తెచ్చిననాడు అడిగిన ప్రశ్నకు జవాబు అదే. నేను చెప్పవలసిన అవసరం లేకుండా వాడే కనిపెట్టాడు.

రెండు వారాలు దాటాక రంగడు ఆ గుబురు వదిలి ఎటో పోయాడు. వాడు రెండు రోజులు వెతికాడు. తరువాత, అదే పుస్తకంలో క్రొత్త పేజీ తీసి, తమ గోడమీది తొండ సంగతి వ్రాయడం మొదలుపెట్టాడు.

మీరూ చేసి చూడండి: మీ పెరటిలోనో, బడి గోడమీదనో ఒక తొండను ఎంచుకోండి. పట్టవద్దు, రాయి విసరవద్దు. వారం రోజులు ఒకే వేళకు, పెద్దలకు చెప్పి, పావుగంటసేపు కదలకుండా కూర్చోండి. మొదటి రోజు అది ఎంత దూరంలో పారిపోయిందో, ఏడవ రోజు ఎంత దూరం వరకు రానిచ్చిందో అడుగులలో కొలిచి వ్రాసుకోండి. ఆ రెండు అంకెలకూ గల తేడాయే మీరు సంపాదించుకున్న చెలిమి.

పెద్దలకు ఒక మాట: ఊసరవెల్లికి విషం లేదు. ఉమ్మి మీద పడితే ప్రమాదమనే మాటలో నిజం లేదు. అది తినేది మిడతలనూ పురుగులనూ. గుడ్లు పెట్టడానికి ఆడది చెట్టు దిగి నేలను త్రవ్వుతుంది. అప్పుడు కనబడిందని కర్ర తీయకండి. దెబ్బ తగిలి పడి ఉంటే అటవీశాఖవారికి తెలియజేయండి. మీ పిల్లవాడు ఎప్పుడైనా ఇటువంటి పెట్టె ఒకటి తెచ్చి మీ ముందు పెడితే, కసురుకోకుండా ముందు మూత తీసి లోపల ఏమున్నదో చూడండి. తక్కిన మాటలు తరువాత చెప్పవచ్చు.

వచ్చే నెల, మగ తొండ మెడ ఎందుకు ఎర్రబడుతుందో చెప్పుకుందాం. మీ కొలతలు వ్రాసి ఉంచుకోండి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు
తగరపువలస