వైద్యశాలలందు శిక్షణ యెవరికి?

1918లో ఇన్‌ఫ్లుయెంజా మన దేశమున కోటిమందికి పైగా బలిగొన్నది. ఆ జ్వరమునకు కారణమగు వైరసు 1933 వరకు వైద్యులకు పట్టుపడలేదు గనుక వారి యజ్ఞానము క్షంతవ్యము. 2009 మే నెలలో స్వైన్ ఫ్లూ దేశమున మొట్టమొదట హైదరాబాదునందే బయటపడెను. అప్పటికి వైరసు తెలియును. ఒసెల్టామివిర్ అను మందును, దానిని రెండు దినములలోపల నీయవలెననుటయు తెలియును. తెలిసినది డాక్టర్లకు. మరి రోగి కఫపు గుడ్డలెత్తు ఆయాకో? వార్డు నూడ్చువారికో?

ఎన్-95 మాస్కు ముఖమున తగిలించుకొన్నంత మాత్రమున రక్షణ కలుగదు. అంచులు ముఖమున కంటియుండవలెను. గడ్డము పెంచినవారికి అది యంటదు. విప్పునపుడు ముందు చేతితొడుగులు, కడపట మాస్కు, పిమ్మట చేతులు కడుగుట. ఇది చేతులు నేర్వవలసిన విద్య. గోడ కంటించిన ఇంగ్లీషు తాఖీదువలన వచ్చునది కాదు. ఆ తాఖీదును ఎందరు డాక్టర్లు తుదివరకు చదువుదురో యదియు సందేహమే!

కావున ప్రభుత్వమువారు ఏటేట వానకాలమునకు ముందే ప్రతి ఆసుపత్రియందును ఈ పని తెలుగున చెప్పించి, చేసి చూపించి, వారిచేత చేయించి చూడవలెను. కాంట్రాక్టు పనివారు తమ లెక్కలోనివారు కారని అధికారులు తప్పించుకొనరాదు. శిక్షణ దినములకు వారి కూలి కోయనురాదు.