పేను చెమటలోంచి పుట్టదు

హేతువాద మిత్రుల మీద ఒక ఫిర్యాదుతో మొదలుపెడతాను. ఎవరో బాబా గాల్లోంచి విబూది తీస్తే మనం పరుగెత్తుకెళ్ళి ఆ కిటుకేమిటో జనానికి చూపిస్తాం. మంచిదే. కానీ పేల గురించి ఒక సభ పెడదాం అంటే నవ్వుతారు. "ఇంత చిన్న విషయానికా?" అంటారు. చిన్న విషయమేనా? పేల గురించిన మూఢనమ్మకం ఆడపిల్లను బడి మాన్పిస్తోంది. దాన్ని చిన్నదనడానికి నాకు నోరు రావడం లేదు.

నేనుండే సూరత్‌లో తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీలు చాలామంది పవర్‌లూమ్‌ల మీద బతుకుతున్నారు. లింబాయత్ వైపు వెళితే వీధిలో తెలుగు వినిపిస్తుంది. చాలా ఇళ్ళల్లో ఒకే గది, అందులో అయిదారుగురు పక్కపక్కనే పడుకుంటారు. పేనుకి రెక్కల్లేవు, అది దూకలేదు, పాకుతుంది అంతే. తలకు తల తగిలితే ఇటునుంచి అటు పోతుంది. ఇంతకు మించి కారణం అక్కర్లేదు. కానీ నాకు అక్కడ చెప్పిన కారణాలు చూడండి: ఒంటి వేడి, చెమట, నీళ్ళు పడకపోవడం, దిష్టి. ఒక తల్లి నూట యాభై ఒక్క రూపాయలిచ్చి కూతురికి తాయెత్తు కట్టించింది. మూడో తరగతి చదివే ఆ పిల్లని బడిలో మొదట విడిగా కూర్చోబెట్టారు, తర్వాత "పేలు పోయాక రా" అని ఇంటికి పంపేశారు.

పేలు చెమటలోంచి పుడతాయనే మాట ఆ తల్లి కనిపెట్టింది కాదు. మనుస్మృతి మొదటి అధ్యాయంలోనే పేను, ఈగ, దోమ, నల్లి స్వేదజాలు అని రాసి ఉంది. అంటే చెమట వల్ల, ఆవిరి వల్ల పుట్టేవి. తమాషా ఏమిటంటే అదే పుస్తకం ఎనిమిదో అధ్యాయంలో తూనికల లెక్క చెబుతూ "లిక్ష" అనే కొలత వాడింది. లిక్ష అంటే ఈపి, పేను గుడ్డు. గుజరాతీలు ఇప్పటికీ లీఖ్ అంటారు. గుడ్డును కొలతగా వాడుకున్నారు గానీ, అందులోంచి ఏం బయటికొస్తుందో చూడలేదు! అన్నీ మన శాస్త్రాల్లోనే ఉన్నాయనే పెద్దలు దీనికి జవాబు చెప్పాలి.

ఇది మనవాళ్ళ ఒక్కరి తప్పు కాదు. పేలు మాంసంలోంచి పుడతాయని అరిస్టాటిల్ కూడా రాశాడు. తేడా ఎక్కడంటే, అక్కడ తర్వాతివాళ్ళు తనిఖీ చేశారు. పదిహేడో శతాబ్దం చివర హాలండ్‌లోని డెల్ఫ్ట్‌లో లీవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు ఆడపేలను తన మేజోడులో పెట్టి, అది కాలికి తొడుక్కుని, కొన్ని రోజుల తర్వాత తీసి గుడ్లు లెక్కపెట్టాడు. ఆయనకు యూనివర్సిటీ చదువు లేదు. నాలాంటి వ్యాపార లెక్కల మనిషే. శ్లోకం వల్లించలేదు, సరుకు లెక్క చూసుకున్నాడు.

డిఫెన్స్ అకౌంట్స్‌లో ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన పద్ధతిలో చెబుతాను. ఆడపేను రోజుకు ఎనిమిది గుడ్ల దాకా పెడుతుంది. గుడ్డు పిల్ల కావడానికి 7 నుంచి 10 రోజులు. పిల్ల మూడుసార్లు కుబుసం విడిచి పెద్దది కావడానికి వారం నుంచి 12 రోజులు. పెద్ద పేను తలమీద ఉంటే సుమారు 30 రోజులు బతుకుతుంది. తల వదిలి కిందపడితే రక్తం దొరక్క ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. ఖాతా మొత్తం ఇదే. ఇందులో దిష్టికి పద్దు ఎక్కడుంది?

ఇప్పుడు తాయెత్తు మహిమ చూద్దాం. తాయెత్తు కట్టిన రోజే తల్లి షాపులో కొన్న మందు కూడా రాసింది. పెద్ద పేలు చచ్చాయి. వారం రోజులు ప్రశాంతం. పేరు తాయెత్తుకి వచ్చింది. తర్వాత, చావని గుడ్లు పిల్లలయ్యాయి. "మళ్ళీ దిష్టి తగిలింది" అన్నారు. వేములవాడలోనో తిరుమలలోనో తలనీలాలిస్తే పేలు పోతాయి, నిజమే. అది కత్తి చేసిన పని. గుడ్డు అతికించుకోవడానికి వెంట్రుకే లేకపోతే పేను ఏం చేస్తుంది? మంగలి కష్టాన్ని దేవుడి ఖాతాలో జమ చేయడం తప్పుడు లెక్క.

రెండో మూఢనమ్మకం చదువుకున్నవాళ్ళది: పేలంటే మురికి మనుషులు. తలలో పేను శుభ్రమైన జుట్టులోనూ అంతే హాయిగా ఉంటుంది. ఉతకని బట్టల్లో బతికే పేను వేరు. టైఫస్ జ్వరాన్ని మోసేది అదేనని 1909లో షార్ల్ నికోల్ చూపించాడు, 1928లో నోబెల్ పొందాడు. దాని పాపాన్ని పిల్లల నెత్తిన రుద్దుతున్నాం. తలపేలు జబ్బులు మోసేవిగా లెక్కలో లేవు.

బడివాళ్ళకూ ఒక లెక్క. మొదటిసారి పేలు పడితే దురద మొదలవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. అన్ని రోజులూ పక్కన కూర్చున్న పిల్లను ఈరోజు తరిమితే ఎవరికి రక్షణ? పేను గుడ్డును మాడుకు పావు అంగుళం లోపలే అతికిస్తుంది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మూడు సెంటీమీటర్ల దూరంలో ఉన్న ఈపి మూడు నెలల నాటిది, అంటే ఖాళీ పెంకు, మూసేసిన ఖాతా. నేను చెప్పిన పిల్లని రెండోసారి వెనక్కి పంపింది ఇలాంటి తెల్లటి పెంకులు చూసే. పేలున్నాయని ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని బడికి దూరం చేయొద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో కూడా చెప్పింది.

కిరసనాయిలు పోయొద్దు, పొయ్యి పక్కన అది ప్రాణం తీస్తుంది. చీమల సుద్ద రాయొద్దు. జుట్టు తడిపి, పేల దువ్వెనతో 1, 5, 9, 13 రోజుల్లో ఓపిగ్గా దువ్వాలి. పొదిగిన పిల్ల గుడ్లు పెట్టే వయసుకు రాకముందే దొరికిపోతుంది. ఇంట్లో అందరి తలలూ ఒకే రోజు చూడాలి. పెర్మెత్రిన్ మందు వాడితే డాక్టర్ని అడిగి తొమ్మిదో రోజున మళ్ళీ రాయాలి. ఇంత చేసేది దువ్వెన, కేలండరు.

మిత్రులారా, ఈసారి సభకు విబూది బదులు ఒక పేల దువ్వెన, ఒక భూతద్దం తీసుకురండి. ఆ తల్లికి ఈపిని భూతద్దంలో చూపించండి. స్వేదజం సంగతి ఆమే తేల్చుకుంటుంది.